కోడిపిల్లలకి కర్ర ఎక్కడం అలవాటు చెయ్యాలంటే ఏ పద్ధతి ఎవరికి సరిపోతుంది

ఆరేడు వారాల పిల్లల్ని బ్రూడర్ నుంచి, అంటే చిన్నపిల్లల్ని బల్బు వేడితో ఉంచే చోటు నుంచి, తీసి షెడ్‌లో వదిలాక చాలామంది అడిగేది ఒకటే, రాత్రిళ్ళు ఎక్కి పడుకోడానికి కర్రలు కట్టామండి కానీ ఒక్కటంటే ఒక్కటీ ఎక్కట్లేదు, రాత్రయ్యేసరికి అన్నీ ఓ మూలకి పోయి ఒకదాని మీద ఒకటి పడి పడుకుంటున్నాయి, ఏం చెయ్యాలి అని. దీనికి ఒక్క జవాబు లేదు. మీ దగ్గర తల్లికోడి ఉందా, పిల్లలు ఏ రకం, వయసెంత, సాయంత్రం పూట మీరు ఇంట్లో ఉంటారా, వీటిని బట్టి పద్ధతి మారుతుంది. అన్ని పద్ధతులూ మా పెరట్లో చేసి చూసినవే కాబట్టి ఏది ఎక్కడ పనికొచ్చిందో, ఏది ఎందుకు వదిలేశానో చెప్తాను.

ముందు ఇదంతా ఎందుకు అనేవాళ్ళ కోసం రెండు మాటలు. కోడి పుట్టుకతో చెట్టు మీద పడుకునే పక్షి, అడవికోళ్ళు ఇప్పటికీ కొమ్మల మీదే పడుకుంటాయి, ఊళ్ళలో వదిలేసిన నాటుకోళ్ళు కూడా పొద్దుగూకితే చింతచెట్టో వేపచెట్టో ఎక్కేస్తాయి. కోడికి చీకట్లో కళ్ళు సరిగా కనపడవు, రేచీకటి అంటామే అలా, అందుకే నేల మీద ఉన్న కోడికి రాత్రంతా భయమే, పిల్లి వచ్చినా ముంగిస వచ్చినా అది చేసేది ఏమీ లేదు. దానికి తోడు నేల మీద రాత్రంతా తడి ఊకలో, తన పెంటలోనే పడుకుంటే ఆ అమోనియా వాసన పీల్చడం, రక్తపు విరేచనాలు పట్టుకోవడం రెండూ ఎక్కువవుతాయి. ఇంకోటి చాలామందికి తెలియదు, నాలుగు వారాల లోపే కర్ర అలవాటైన పెట్టలు పెద్దయ్యాక గుడ్డు నేల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టడం తక్కువ, ఒకదాన్నొకటి వెనక నుంచి పొడుచుకోవడం కూడా తక్కువ. పైకి ఎక్కడం దిగడం చిన్నప్పుడే వస్తే గుడ్ల పెట్టెలోకి ఎక్కడమూ వస్తుంది కదా, అంతే.

నా వల్ల జరిగిన తప్పు ముందే చెప్తాను, ఎందుకంటే మిగతా సలహా అంతా దాని మీదే నిలబడి ఉంది. మొదటిసారి ముప్పై పిల్లల్ని తెచ్చినప్పుడు ఆరు వారాల దాకా బ్రూడర్‌లో ఒక్క కర్ర కూడా పెట్టలేదు, పెద్దయ్యాక పెడదాంలే అనుకున్నాను, తర్వాత షెడ్‌లో నడుం ఎత్తున మంచి కర్రలు బిగించి పిల్లల్ని అందులో వదిలాను. అవి ఆ కర్రల వంక తలెత్తి కూడా చూడలేదు. మూడో రాత్రి వాన పడి కరెంటు పోయింది, చలికి భయానికి అన్నీ తలుపు పక్క మూలకి తోసుకున్నాయి. తెల్లారి తలుపు తీస్తే అడుగున మూడు పిల్లలు నలిగిపోయి ఉన్నాయి, ఒంటి మీద ఒక్క గాయం లేదు, ఊపిరాడక పోయాయి. పైనున్న పిల్లలు వెచ్చగా, బానే ఉన్నాయి. అప్పట్నుంచి నేను బ్రూడర్‌లో ఊక పరిచే రోజే కర్ర కూడా సిద్ధం చేసి పెట్టుకుంటున్నాను.

మొదటి పద్ధతి తల్లికోడి. పిల్లల కోడి ఉంటే ఇంతకంటే మంచి గురువు లేదు, మనం చెయ్యాల్సింది అడ్డు రాకపోవడమే. మొదటి వారాలు అది నేల మీదే రెక్కల కింద పెట్టుకుని పడుకుంటుంది, పిల్లలకి ఒంటి మీద ఈకలు నిండాక, ఇంచుమించు ఐదారు వారాలప్పుడు, ఓ సాయంత్రం తనే కర్ర ఎక్కి పైనుంచి కుక్ కుక్ అని పిలుస్తుంది. పిల్లలు కింద అటూ ఇటూ పరిగెడతాయి, గోల చేస్తాయి, ఒక్కొక్కటీ ఎగిరి అందుకుంటుంది, ఆఖరికి రెక్క కింద దూరడానికి కర్ర మీదే తోసుకుంటాయి. చూస్తే అదొక ముచ్చట. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. మనిళ్ళల్లో తల్లినీ పిల్లల్నీ కలిపి గంప కింద మూసి పైన రాయి పెట్టడం అలవాటు, మా అమ్మమ్మ కూడా అలాగే చేసేది, పిల్లి నుంచీ పాము నుంచీ కాపాడటానికి అది మంచి పనే. కానీ రెండు నెలల దాకా అదే గంప కింద పడుకుంటే ఆ పిల్లలకి నేల మీద పడుకోవడమే అలవాటైపోతుంది, తల్లికి మళ్ళీ గుడ్లకొచ్చే టైమ్ అయ్యి పిల్లల్ని పొడిచి తరిమేశాక అవి గంప ఉన్న చోటికే పోయి కూర్చుంటాయి. అందుకని నాలుగో వారం దాటాక గంప మానేసి, తలుపు గట్టిగా వేసుకునే గూట్లోకి తల్లినీ పిల్లల్నీ కలిపి మార్చండి, లోపల అడుగు ఎత్తులో ఒకటి, దానికి పైన ఇంకోటి కర్రలు ఉంటే మిగతాది అదే చూసుకుంటుంది.

రెండోది, తల్లి లేదు, హేచరీ నుంచి, అంటే మెషిన్లో గుడ్లు పొదిగించే చోటు నుంచి, తెచ్చిన ఒక్కరోజు పిల్లలు. ఎక్కువమంది పరిస్థితి ఇదే. వీటికి నేర్పే పెద్ద తలకాయ లేదు, అయినా భయపడక్కర్లేదు, ఎందుకంటే ఎక్కాలన్న కోరిక వాటిలోనే ఉంటుంది, వారం పదిరోజుల పిల్ల అప్పుడే నీళ్ళ డబ్బా మీదకి, ఇటుక మీదకి, పక్క పిల్ల వీపు మీదకి కూడా ఎక్కుతుంది. ఆ కోరికకి తగిన ఎత్తు మనం ఇవ్వాలి, అదే మొత్తం కిటుకు. పదో రోజుకి రెండు ఇటుకల మీద ఒక బొటనవేలు లావు కర్ర పెట్టండి, నేల నుంచి నాలుగైదు అంగుళాలకి మించొద్దు, దొర్లకుండా రెండు వైపులా తాడుతో కట్టెయ్యండి. బల్బు కిందే కాకుండా కాస్త పక్కగా పెట్టండి, మరీ కింద అయితే వేడి తగులుతుంది.

మొన్నటి బ్యాచ్‌లో మొదట ఎక్కిన పిల్లని నేను కూర్చుని చూశాను, పన్నెండో రోజు. ముందు కర్ర పక్కన నిలబడి ఒక కన్నుతో, తర్వాత తల తిప్పి రెండో కన్నుతో చూసింది, ఒక్క గెంతు గెంతి ఎక్కింది, వేళ్ళు కర్రని చుట్టుకోవాలని దానికి ఇంకా తెలీదు, అరికాళ్ళ మీద నిలబడి ముందుకి ఊగింది, వెనక్కి ఊగింది, రెక్కలు విప్పింది, తోక ఉండాల్సిన చోట ఇంకా రెండు మొలకలే ఉన్నాయి వాటినే కిందకీ పైకీ ఆడించింది, పడింది. మళ్ళీ ఎక్కింది. నాలుగోసారి వేళ్ళు ముడుచుకున్నాయి, అంతే, కళ్ళు మూసుకుని అక్కడే కునుకు తీసింది. సాయంత్రానికి దాని పక్కన మరో ఐదు. ఒకటి ఎక్కితే చాలు మిగతావాటికి నేర్పక్కర్లేదు, చూసి నేర్చుకుంటాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ వయసులో కర్ర పగలు ఆడుకోడానికే, రాత్రి పడుకోడానికి కాదు. మొదటి వారం పిల్లకి 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ వస్తాం, అంత వేడి కావాల్సిన పిల్ల రాత్రి బల్బు దగ్గర నేల మీదే పడుకోవాలి, బలవంతంగా తీసి కర్ర మీద పెట్టకూడదు, చలికి పోతుంది. బల్బు అవసరం తీరాక, ఒంటినిండా ఈక వచ్చాక, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య, అప్పుడు రాత్రి సంగతి. ఏప్రిల్ మే ఎండల్లో అయితే బల్బు ముందే తీసేస్తాం కాబట్టి రాత్రి ఎక్కడం కూడా ముందే మొదలవుతుంది, డిసెంబర్ పిల్లలు ఆలస్యం చేస్తాయి, కంగారు పడొద్దు.

మూడో పద్ధతి చేత్తో ఎక్కించడం. పైన చెప్పిన నా తప్పు లాంటిది మీరూ చేసి, పిల్లలు రెండు నెలలవై ఇంకా మూలలోనే పడుకుంటుంటే ఇదొక్కటే దారి. చీకటి పడ్డాక, అంటే పూర్తిగా కళ్ళు కనపడనంత చీకటి పడ్డాక, చిన్న టార్చి తీసుకుని వెళ్ళి ఒక్కొక్కదాన్నీ రెండు చేతులా పట్టుకుని, పాదాలు కర్రకి ఆనించి, వేళ్ళు ముడుచుకునేదాకా అలాగే పట్టుకుని, మెల్లగా చెయ్యి తియ్యాలి. మునిమాపు వేళే వెళ్తే దూకి మళ్ళీ మూలకే పోతాయి, అందుకే చీకటి పడాలి అంటున్నది, చీకట్లో దిగడానికి వాటికి ధైర్యం చాలదు. మా దగ్గర ఆరు రాత్రులకి సగం పైగా సొంతంగా ఎక్కాయి, పది రాత్రులకి రెండు మాత్రం మిగిలాయి, ఆ రెండూ ఇంకో వారం తీసుకున్నాయి. ఇరవై ముప్పై పిల్లలకి ఇది జరిగే పనే, పావుగంట పడుతుంది. రెండొందలు ఉంటే ఎవరి వల్లా కాదు, కాబట్టి పెద్ద బ్యాచ్ వాళ్ళు రెండో పద్ధతి మిస్ అవ్వకూడదు. ఇంకోటి, రోజూ సాయంత్రం ఏడింటికి ఇంట్లో ఉండనివాళ్ళు దీన్ని మొదలెట్టొద్దు, రెండు రోజులు చేసి మూడు రోజులు మానేస్తే అలవాటు పడదు.

దీనితో పాటు మూల కూడా మూసెయ్యాలి. షెడ్ మూలల్లో ఇటుకలో, అట్టముక్కలో పెట్టి గుండ్రంగా చేస్తే తోసుకుని నలిగే ప్రమాదం తగ్గుతుంది, కర్రకి అలవాటు పడేదాకా ఇది తప్పనిసరి.

నాలుగోది, అలవాటున్న పెద్ద పెట్టని తోడు పెట్టడం. వినడానికి తేలిగ్గా ఉంటుంది, నేను మాత్రం ఎవరికీ చెప్పను. కొత్త పిల్లల్ని పెద్దకోడి పొడుస్తుంది, మేత దగ్గరికి రానివ్వదు, దానికి ఏదైనా జబ్బో పేలో ఉంటే ఇరవై పిల్లలకీ అంటిస్తుంది. ఒక్క సందర్భంలో పనికొస్తుంది, మీ పాత బ్యాచ్ పిల్లలు పది పన్నెండు వారాలవి ఉన్నాయి, కొత్తవి ఎనిమిది వారాలవి, రెండిటికీ టీకాలు అయ్యాయి, ఒంట్లో బాగున్నాయి, సైజులో పెద్ద తేడా లేదు. అప్పుడు మెష్ తెరకి అటూ ఇటూ వారం ఉంచి తర్వాత కలిపితే చిన్నవి పెద్దవాటిని చూసి నాలుగైదు రోజుల్లో ఎక్కేస్తాయి.

లైట్ గురించి ఎవరూ పట్టించుకోరు కానీ నా లెక్కలో సగం పని లైట్‌దే. షెడ్‌లో బల్బు వెలుగుతుండగా ఠక్కున స్విచ్ ఆపేస్తే పిల్లలు ఎక్కడున్నవి అక్కడే ఆగిపోతాయి, కర్ర ఎటుందో కనపడదు, కూర్చుండిపోతాయి. బయట పొద్దు గూకుతూ మెల్లగా మసక పడినప్పుడే వాటికి పైకి ఎక్కాలనిపిస్తుంది. అందుకని పెద్ద లైటు ముందే ఆపేసి, ఓ అరగంట జీరో బల్బు ఉంచండి, అదీ కర్రల వైపు పడేలా, నేల వైపు కాదు. తర్వాత అదీ ఆపండి. ఈ ఒక్క మార్పుతో ఇద్దరు ముగ్గురికి సమస్య తీరిపోవడం నేను చూశాను.

ఇక కర్ర ఏది పెట్టాలి అన్నది. వెదురు బొంగు చేతికి దొరుకుతుంది, చవక, కానీ నున్నగా ఉంటుంది, చిన్నపిల్ల కాలు జారుతుంది, లావు బొంగైతే అసలు పట్టు దొరకదు, పైగా చీలిన చోట, కోసిన చివర బోలులో రాత్రిళ్ళు వచ్చి రక్తం తాగే ఎర్ర పురుగులు కాపురం పెడతాయి. వెదురే వాడాలంటే సన్నది తీసుకుని గోనె పట్టీ చుట్టండి, రెండు చివరలూ మూసెయ్యండి, గోనె తడిస్తే మార్చండి. పీవీసీ పైపు కడగడానికి బాగుంటుంది, పురుగు తక్కువ, కానీ వెదురు కంటే జారుడు, చుట్టూ తాడు చుడితే తప్ప పిల్లలకి పనికిరాదు, తాడు చుట్టాక కడిగే సుఖం పోతుంది. ఇనప పైపు వద్దే వద్దు, రేకుల షెడ్‌లో ఎండకి కాలుతుంది, జనవరిలో మంచు ముక్కలా ఉంటుంది.

నేను వాడేది మామూలు చెట్టు కర్ర. కోస్తా వైపు వాళ్ళకి సర్వి బాదులు దొరుకుతాయి, కృష్ణా, ప్రకాశం వైపు సుబాబుల్, ఎక్కడైనా వేప కొమ్మ. బెరడు తీసేసి నాలుగు రోజులు ఎండబెట్టి, ముళ్ళూ పేళ్ళూ లేకుండా గరుకు కాగితంతో రుద్దండి, మరీ నున్నగా కాదు. పేడు గుచ్చుకుంటే పాదం అడుగున నల్లటి పొక్కు వచ్చి చీము పడుతుంది, అది ఒక పట్టాన మానదు. మిల్లులో కోసిన పలక కర్ర అయితే పై అంచులు రెండూ గుండ్రంగా చెక్కించండి. లావు విషయంలో చిన్నపిల్లలకి బొటనవేలంత, అంటే అంగుళం లోపు, రెండు నెలలు దాటాక అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు. సన్న కర్రనే పెద్దయ్యాక కూడా ఉంచితే బరువంతా ఒకేచోట పడి రొమ్ము ఎముక వంకర పోతుంది, కోసినప్పుడు చూస్తే తెలుస్తుంది, బతికుండగా చేత్తో తడిమినా తెలుస్తుంది.

చోటు ఎంత కావాలంటే, పిల్లకి మన నాలుగు వేళ్ళ వెడల్పు, పెద్ద కోడికి జానెడు. గోడకి మరీ ఆనించి కట్టొద్దు, అడుగు దూరం వదలండి, లేకపోతే తోక గోడకి రాసుకుంటుందని కూర్చోవు.

నిచ్చెనలా మెట్లుగా కట్టాలా, అన్నీ ఒకే ఎత్తులో కట్టాలా అని అడుగుతారు. నేర్చుకునే టైమ్‌లో నిచ్చెన బాగుంటుంది, కింది మెట్టు జానెడు ఎత్తులో, తర్వాతది మూరెడు, మరీ నిలువుగా కాకుండా బాగా వాల్చి కట్టాలి, పిల్ల తన శక్తి కొద్దీ ఎక్కుతుంది. కానీ నాలుగు నెలలు దాటాక నిచ్చెనతో గొడవే, అన్నిటికీ పై మెట్టే కావాలి, రోజూ సాయంత్రం పై మెట్టు కోసం కుమ్ములాట, ఓడిన కోడి కింద కూర్చుంటే పైవాటి పెంటంతా దాని మీదే. అందుకని నేను నిచ్చెన నేర్పడానికే వాడి, ఎదిగాక అదే కర్రల్ని విప్పి ఒకే ఎత్తున పక్కపక్కన అడుగు దూరంలో బిగిస్తాను, నిచ్చెనలో ఒక మెట్టు మాత్రం ఎక్కడానికీ దిగడానికీ వదిలేస్తాను.

రకం బట్టి ఎత్తు మార్చాలి, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాటుపిల్లలు, కడక్‌నాథ్ తేలిగ్గా చురుగ్గా ఉంటాయి, మూడు నెలలకే నడుం ఎత్తు వాటికి లెక్క కాదు. రాజేంద్రనగర్ పౌల్ట్రీ పరిశోధనా సంస్థ వాళ్ళు పెరటికోళ్ళ కోసం తెచ్చిన వాటిల్లో గ్రామప్రియ గుడ్ల కోసం చేసిన రకం, తేలికే, నాటుపిల్లలతో సమానంగా ఎక్కేస్తుంది. వనరాజా గుడ్లకీ మాంసానికీ రెండిటికీ అని చేసింది, బరువు ఎక్కువ, ఎక్కడం వస్తుంది కానీ పొద్దున్నే పైనుంచి ఒక్కసారిగా దూకితే కాళ్ళకి, రొమ్ముకి దెబ్బ, కాబట్టి మోకాలి ఎత్తు దాటించకండి, కింద ఊక మందంగా ఉండాలి. అసీల్ పిల్లలకీ అంతే ఎత్తు, కాకపోతే అవి చిన్నప్పట్నుంచే తన్నుకుంటాయి కాబట్టి చోటు కాస్త ఎక్కువ వదలండి. బ్రాయిలర్ పిల్లల్ని తెచ్చి పెంచుతున్నవాళ్ళు కర్ర గురించి ఆలోచించక్కర్లేదు, వాటి ఒళ్ళు వాటి కాళ్ళకే బరువు, కావాలంటే జానెడు ఎత్తున వెడల్పాటి చెక్క అరుగు వెయ్యండి, కొన్ని ఎక్కుతాయి.

ఇప్పుడు ఎవరికి ఏది అంటే, పిల్లల కోడి ఉంటే ఇంకేం ఆలోచించకండి, నాలుగో వారం తర్వాత గంప తీసెయ్యండి చాలు. హేచరీ పిల్లలు యాభైకి పైన ఉంటే పదో రోజు ఇటుకల మీద కర్ర, మూడో వారం నిచ్చెన, మసక లైటు, చేత్తో ఎక్కించే పని పెట్టుకోవద్దు. ఇరవై ముప్పై పిల్లలే ఉండి మీరు సాయంత్రాలు ఇంట్లో ఉంటే ఇవన్నీ చేస్తూనే ఆరో వారం నుంచి మొండికేసిన వాటిని చేత్తో ఎక్కించండి. వనరాజా అయితే ఇదే దారి కానీ తక్కువ ఎత్తు. ఇప్పటికే ఆలస్యమైపోయిన పిల్లలైతే పై కర్రలు ఇవాళే దించి జానెడు ఎత్తుకి తెచ్చి, మూలలు మూసి, రేపు రాత్రి నుంచి టార్చి పట్టుకోండి, వాటంతట అవి ఎక్కడం మొదలెట్టాక వారానికి ఒక జానెడు చొప్పున పైకి జరపండి.

గుడ్ల పెట్టెలు పెట్టే టైమ్‌కి మాత్రం ఒకటి చూసుకోండి, పెట్టె కర్ర కంటే కిందే ఉండాలి. పెట్టె పైనుంటే అదే ఎత్తైన చోటని ఎక్కి అందులోనే పడుకుంటాయి, ఇన్ని వారాలు నేర్పింది పోతుంది, పొద్దున్న గుడ్లన్నీ పెంటతో వస్తాయి. మా షెడ్‌లో కర్రలు మోకాలి పైన, పెట్టెలు మోకాలి కింద. రాత్రి ఎనిమిదికి ఓసారి టార్చితో వెళ్ళి కర్ర మీద తలకాయలు లెక్కపెట్టి వస్తాను, లెక్క తగ్గితే ఆ తగ్గింది ఎక్కడుందో వెతికి, దాని కాళ్ళూ పాదాలూ చూసి, ఏమీ లేకపోతే ఎక్కించి వస్తాను.